రికార్డింగా, వర్చువల్ లోకమా: ఆన్‌లైన్ బోధనపై సంవాదం

ఆన్‌లైన్ బోధనలో వాడే సాధనాల్లో వీడియో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ది ఒక స్వభావం, వర్చువల్ లోకాలది పూర్తిగా వేరే స్వభావం. మొదటిది కంప్యూటర్ తెర మీద కనిపించే స్లైడును, చేతిరాతను, మౌస్ కదలికను ఉపాధ్యాయుడి గొంతుతో కలిపి ఒక ఫైలుగా భద్రపరుస్తుంది. ఓబీఎస్ స్టూడియో, కామ్‌టేషియా, స్క్రీన్‌పాల్, లూమ్ ఈ కోవలోవి. వర్చువల్ లోకం కంప్యూటర్‌లో కట్టిన త్రిమితీయ స్థలం. ఉపాధ్యాయుడూ విద్యార్థులూ తలా ఒక బొమ్మ రూపంలో, అంటే అవతార్‌లుగా, ఒకే వేళకు అందులోకి వెళ్తారు. నడుస్తారు, మాట్లాడుకుంటారు, వస్తువులను కదుపుతారు. సెకండ్ లైఫ్, ఓపెన్‌సిమ్యులేటర్, మైన్‌క్రాఫ్ట్ ఎడ్యుకేషన్ ఇటువంటివి.

ఉన్న కొద్దిపాటి సమయాన్నీ డబ్బునూ ఈ రెండింటిలో దేనిమీద పెట్టాలన్నది అంత తేలిగ్గా తెగే విషయం కాదు. కింది సంవాదంలో రికార్డింగ్ పక్షాన మాట్లాడేది డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మాస్టారు. వర్చువల్ లోకాల పక్షాన మాట్లాడేది అక్కడే ఇంగ్లీషు చెప్పే మేడమ్.

మాస్టారు: పాఠాన్ని ఒకసారి సరిగ్గా చెప్పి రికార్డు చేసిపెడితే సగం పని అయిపోయినట్టే మేడమ్. మోల్ లెక్క అర్థంకాని పిల్లాడు క్లాసులో ఎన్నిసార్లు చెయ్యెత్తుతాడు? ఒకసారి, మహా అయితే రెండుసార్లు. తర్వాత పక్కవాళ్లు నవ్వుతారని ఊరుకుంటాడు. వీడియో అయితే పదిసార్లు వెనక్కి తిప్పుకున్నా అడిగేవాళ్లుండరు.

ఈ వాదన కొత్తది కాదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని వుడ్‌లాండ్ పార్క్ హైస్కూల్లో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే కెమిస్ట్రీ ఉపాధ్యాయులు 2007లో తమ పాఠాలను తెర రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో భద్రపరచడం మొదలుపెట్టారు. ఆటల పోటీలకు వెళ్లి క్లాసులు పోగొట్టుకునే పిల్లల కోసం చేసిన పని అది. తర్వాత పద్ధతినే తిరగేశారు. పాఠం వినడం ఇంటి దగ్గర, లెక్కలు చేయడం క్లాసులో. తలకిందుల తరగతి అన్న పద్ధతికి అంత ప్రచారం రావడానికి వీళ్ల పని ఒక ముఖ్య కారణం. అంతకు కొంచెం ముందే, 2004లో, సల్మాన్ ఖాన్ (సినిమా నటుడు కాదు) దూరాన ఉన్న బంధువుల అమ్మాయికి లెక్కలు చెప్పడం మొదలుపెట్టి, 2006 నుంచి ఆ పాఠాలను యూట్యూబ్‌లో పెట్టాడు. ఖాన్ అకాడమీ పుట్టింది అలాగే. మన దేశంలో ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్ కూడా ప్రధానంగా రికార్డయిన పాఠాల భాండాగారమే.

మేడమ్: పిల్లాడు పదిసార్లు వెనక్కి తిప్పుతాడన్నది మీ ఆశ మాస్టారూ. ముందు అసలు చివరిదాకా చూస్తాడా?

ఈ ప్రశ్నకు కొలిచి చెప్పిన జవాబు ఒకటి ఉంది. ఫిలిప్ గువో, జూహో కిమ్, రాబ్ రూబిన్ 2014లో ప్రచురించిన పరిశీలనలో ఎడెక్స్ వేదికలోని 4 కోర్సులకు సంబంధించి 69 లక్షల వీక్షణలను విశ్లేషించారు. వీడియో ఎంత పొడవున్నా విద్యార్థులు దానిమీద గడిపిన మధ్యగత సమయం 6 నిమిషాలు మించలేదు. క్లాసులో చెప్పిన గంట పాఠాన్ని ముక్కలు చేసి పెట్టినవాటి కన్నా చిన్న పాఠంగానే అనుకుని తయారుచేసినవి ఎక్కువసేపు నిలబెట్టాయి. ఖరీదైన స్టూడియోలో తీసినవాటి కన్నా, తన బల్ల దగ్గర కూర్చుని ఎదుటివాడితో మాట్లాడుతున్నట్టు చెప్పినవే నయం. నిలకడగా ఉండే స్లైడు కన్నా కలంతో గీస్తూ చెప్పేది మేలు.

మాస్టారు: చూశారా? ఖర్చు తక్కువదే బాగా పనిచేస్తోంది. ఒక ల్యాప్‌టాప్, చొక్కాకు తగిలించుకునే మైకు, ఉచితంగా దొరికే ఓబీఎస్. ఇంకేం కావాలి?

మేడమ్: ఆరు నిమిషాలు కూర్చున్నారన్నది నేర్చుకున్నారనడానికి సాక్ష్యం కాదు. వాళ్లు కొలిచింది చూసిన సమయాన్ని. పైగా, బొమ్మ చూపించి చదువు చెప్పడం మన ఊళ్లకు కొత్తా? 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సైట్ ప్రయోగం కింద ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు వెళ్లాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి. ఆ తర్వాత 'మన టీవీ' ఛానల్ వచ్చింది, తెలంగాణలో టీ-శాట్ వచ్చింది. అన్నింటిలోనూ పాఠం ఒకవైపు నుంచే వస్తుంది. పిల్లాడి నోరు కదలాల్సిన పనే ఉండదు. మీ కెమిస్ట్రీకి అది సరిపోతుందేమో గానీ, నేను నేర్పాల్సింది ఇంగ్లీషులో మాట్లాడటం.

ఇక్కడ మేడమ్ చెప్పే లోకం ఎలా పనిచేస్తుందో కొంత వివరంగా చూడాలి. శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన లిండెన్ ల్యాబ్ 2003 జూన్‌లో సెకండ్ లైఫ్‌ను ప్రజలకు తెరిచింది. అందులో స్థలాన్ని రీజియన్లుగా లెక్కిస్తారు. ఒక్కో రీజియన్ 256 మీటర్ల పొడవు, 256 మీటర్ల వెడల్పు. కొన్నవాళ్లు దానిమీద ఏమైనా కట్టుకోవచ్చు. 2007లో గొంతుతో మాట్లాడుకునే సౌకర్యం వచ్చింది. ఎదుటి అవతార్ దూరంగా జరిగేకొద్దీ గొంతు సన్నగిల్లుతుంది, కుడిపక్కన ఉంటే కుడి చెవిలో వినిపిస్తుంది. రాసి పంపే మాటలు మామూలుగా 20 మీటర్ల దాకే చేరతాయి. ఆటలాగా కనిపించే ఈ సంగతి బోధనకు బాగా కలిసివస్తుంది. వీడియో కాల్‌లో ముప్పై మంది ఉంటే ఒకరు మాట్లాడుతుంటే ఇరవై తొమ్మిది మంది వినాలి. లోకంలోనైతే ఎడంగా నిలబెట్టిన నాలుగు గుంపులు ఒకే వేళ నాలుగు సంభాషణలు జరుపుకుంటాయి. టీచరు ఒక గుంపు నుంచి మరో గుంపుకు నడుచుకుంటూ వెళ్తుంది, తరగతి గదిలో బెంచీల మధ్య తిరిగినట్టే.

మేడమ్: రైల్వే ఎంక్వైరీ కౌంటర్ ఒకటి కడతాం. ఒకరు లోపల, ఒకరు బయట. బయట ఉన్నవాడికి రైలు తప్పిపోయింది, డబ్బు వెనక్కి కావాలి. లోపల ఉన్నవాడికి ఇవ్వకూడదని నేను రహస్యంగా రాసి పంపుతాను. ఇక చూడండి, వాళ్ల నోట్లోంచి వచ్చే ఇంగ్లీషు. వాదించాల్సిన అవసరం ఎదురైతే వ్యాకరణం ఎవడికి గుర్తుంటుంది? తప్పో ఒప్పో మాట బయటికొస్తుంది. ముఖం కనిపించదు కాబట్టి సిగ్గు కూడా కొంత తగ్గుతుంది.

మాస్టారు: అదే పని ఫోన్లో ఇద్దరిని కలిపితే జరగదా? కౌంటర్ కట్టడానికి పట్టిన వారం ఎవరి ఖాతాలో వేద్దాం? మొదటి రెండు క్లాసులు బొమ్మకు బట్టలు మార్చడానికీ, గోడలోంచి దూరి అవతలికి పోవడానికీ సరిపోతాయి. ఇద్దరు ఇయర్‌ఫోన్ పెట్టుకోలేదంటే వాళ్ల గొంతే వాళ్లకు తిరిగొచ్చి అందరి చెవులూ గింగిర్లెత్తుతాయి.

మేడమ్: మొదటి క్లాసు సర్దుకోవడానికి పోతుందని ఒప్పుకుంటాను. ఫోన్ సంగతి వేరు. ఫోన్లో చేత్తో చూపించడానికి ఏమీ ఉండదు. 'అదిగో ఆ ఎడమ పక్క కిటికీ దగ్గరికి వెళ్లండి' అని చెప్పి, ఎదుటివాడు నిజంగా ఎడమకే వెళ్లాడో లేదో చూడటంలో మాట అర్థమైందా లేదా అక్కడికక్కడే తేలిపోతుంది.

మేడమ్ మాటలో బలముంది. దారి చెప్పడం, వస్తువుల స్థానం చెప్పడం, బేరమాడటం వంటి స్థలంతో ముడిపడ్డ భాషకు వర్చువల్ లోకం నిజంగా ఉపకరిస్తుంది. వ్యాసం మీద చర్చకో, ఉచ్చారణ సాధనకో అంత హంగు అక్కర్లేదు. భాషా బోధకులు ఈ లోకాలవైపు మొగ్గడానికి బహుశా కారణం ఇదే.

మాస్టారు తర్వాత ఎత్తిన అభ్యంతరం బరువైనది. లోకాలు మూతపడతాయి. పదమూడు నుంచి పదిహేడేళ్ల పిల్లల కోసం నడిపిన టీన్ సెకండ్ లైఫ్‌ను 2010 చివర్లో మూసేశారు. అదే సమయంలో విద్యాసంస్థలకు ఇస్తున్న సగం ధర రాయితీని 2011 జనవరి నుంచి ఎత్తివేస్తున్నట్టు లిండెన్ ల్యాబ్ ప్రకటించింది. అప్పట్లో పూర్తి రీజియన్‌కు నెలకు 295 డాలర్లు. రాయితీతో అందులో సగం కట్టే విశ్వవిద్యాలయాలు చాలా అక్కడి నుంచి బయటికొచ్చేశాయి. 2013లో రాయితీ తిరిగి వచ్చింది గానీ వెళ్లినవాళ్లందరూ రాలేదు. గూగుల్ ఎక్స్‌పెడిషన్స్ 2021లో, మైక్రోసాఫ్ట్ చేతిలోని ఆల్ట్‌స్పేస్ వీఆర్ 2023 మార్చిలో ఆగిపోయాయి. బ్రౌజర్‌లోనే తెరుచుకునే మొజిల్లా హబ్స్‌ను ఆ సంస్థ 2024 మే చివర్లో నిలిపివేసింది.

మాస్టారు: నా పాఠం ఫైలు నా హార్డ్ డిస్కులో ఉంటుంది. ఏ కంపెనీ మూతపడినా అది ఆడుతుంది.

మేడమ్: అన్నీ ఆడతాయా మాస్టారూ? ఫ్లాష్‌లో తయారుచేసిన పాఠాలు ఏమయ్యాయి? అడోబీ 2020 డిసెంబరు 31తో దానికి మద్దతు ఆపేసింది. ఆ తర్వాత ఎన్ని కాలేజీల వెబ్‌సైట్లలో పాఠం ఉండాల్సిన చోట ఖాళీ పెట్టె కనిపించింది! నా లోకానికీ భద్రమైన దారుంది. ఓపెన్‌సిమ్యులేటర్ 2007 నుంచి ఉన్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. సెకండ్ లైఫ్ లాంటి లోకాన్నే మన సర్వర్ మీద నడుపుకోవచ్చు. కట్టిన రీజియన్ మొత్తాన్ని ఓఏఆర్ అనే ఒకే ఫైలుగా దింపుకుని దాచుకోవచ్చు, మరో సర్వర్ మీద మళ్లీ ఎక్కించుకోవచ్చు.

మాస్టారు: ఆ సర్వర్‌ను ఎవరు చూసుకుంటారు?

ఈ ప్రశ్నకు మేడమ్ దగ్గర సూటి జవాబు లేదు, చాలా కాలేజీల దగ్గరా ఉండదు. సాఫ్ట్‌వేర్ ఉచితమే. దాన్ని నవీకరించే మనిషి ఉచితం కాడు. ఆసక్తి ఉన్న ఒక్క అధ్యాపకుడి భుజాల మీద నడిచే లోకం, ఆయన బదిలీ కాగానే ఆగిపోతుంది. వీడియో ఫైలుకు ఈ బెంగ లేదు. ఈ ఒక్క విషయంలో మాస్టారి వాదనదే పైచేయి అనక తప్పదు.

పరిశోధనలు కూడా లోకాల పక్షానికి పూర్తిగా అనుకూలంగా లేవు. జోసెలిన్ పెరాంగ్, రిచర్డ్ మేయర్ 2018లో ప్రచురించిన ప్రయోగంలో రక్తప్రవాహం గురించిన పాఠాన్ని కొందరు కళ్లకు తగిలించుకునే వర్చువల్ రియాలిటీ (వీఆర్) పరికరంలో, మరికొందరు మామూలు స్లైడ్ల ద్వారా నేర్చుకున్నారు. వీఆర్ వాళ్లకు ఉత్సాహం ఎక్కువ. పరీక్షలో మార్కులు మాత్రం స్లైడ్ల వాళ్లకే ఎక్కువ. గీడో మక్రాన్‌స్కీ, మేయర్, మరొకరు కలిసి 2019లో ప్రచురించిన పనిలో 52 మంది విద్యార్థులు ప్రయోగశాల సిమ్యులేషన్‌ను మామూలు తెర మీదా, వీఆర్ పరికరంలోనూ చేశారు. వీఆర్‌లో అక్కడే ఉన్నట్టన్న అనుభూతి పెరిగింది, నేర్చుకున్నది తగ్గింది. మెదడు విద్యుత్ సంకేతాల కొలతలు కూడా వీఆర్‌లో మనసు మీద భారం ఎక్కువైందని సూచించాయి.

మాస్టారు: ఇంక చెప్పడానికేముంది? హంగు చూసి పిల్లలు సంబరపడ్డారు, పాఠం పక్కకు పోయింది.

మేడమ్: పెరాంగ్, మేయర్ల పనిలో రెండో భాగం కూడా చదవాలండీ. వీఆర్ పాఠాన్ని మధ్యమధ్య ఆపి, అప్పటిదాకా తెలుసుకున్నది సొంత మాటల్లో రాయిస్తే మార్కులు మెరుగయ్యాయి, ఉత్సాహమూ తగ్గలేదు. ఇంకో సంగతి. అక్కడ లోకం చేసిన పని వివరించడం. వివరించడానికి మీ వీడియోనే మేలని నేనూ అంటాను. నేను లోకాన్ని అడిగేది చేయించమని.

చర్చ మలుపు తిరిగింది ఇక్కడే. వివరణ వేరు, సాధన వేరు అని ఒప్పుకున్నాక మాస్టారి కెమిస్ట్రీలోనే చిక్కు బయటపడుతుంది. టైట్రేషన్ ఎలా చేయాలో వీడియో చక్కగా చూపిస్తుంది. బ్యూరెట్‌లోంచి సోడియం హైడ్రాక్సైడ్ చుక్కచుక్కగా పడటం, ఫినాఫ్తలీన్ కలిపిన ఆమ్లం లేత గులాబీకి తిరగడం, ఆ క్షణాన కొళాయి బిగించడం అన్నీ కనిపిస్తాయి. అయితే వీడియోలో చెయ్యి ఎప్పుడూ సరైన చోటే ఆగుతుంది. ఒక్క చుక్క ఎక్కువ వదిలి, ద్రావణం ముదురు గులాబీ అయిపోయి, మళ్లీ మొదటినుంచి చేసుకోవాల్సిన పరిస్థితి విద్యార్థికి రాదు. కేంద్ర విద్యాశాఖ ఆధ్వర్యంలో ఐఐటీలు, హైదరాబాద్ ఐఐఐటీ వంటి సంస్థలు తయారుచేసిన వర్చువల్ ల్యాబ్స్ ఈ ఖాళీని కొంత పూడుస్తాయి. అవి బ్రౌజర్‌లోనే నడుస్తాయి. అవతార్లూ పరికరాలూ అక్కర్లేదు.

మాస్టారు: మా పిల్లలకు నేనూ వాటినే చూపిస్తాను. అందులో మీ లోకం ఎక్కడుంది? ఒక్కడే కూర్చుని చేసుకుంటాడు.

మేడమ్: కెమిస్ట్రీకి ఒక్కడు చాలు. సంభాషణకు ఇద్దరు కావాలి. తేడా అంతే.

ఇక మిగిలింది ఖర్చు, నెట్‌వర్క్. లెక్క కష్టమైనదేమీ కాదు. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున నిల్వచేసిన పది నిమిషాల వీడియో 75 మెగాబైట్లు. కదలిక తక్కువుండే స్లైడ్ల పాఠానికి 300 కిలోబిట్లు చాలు, అప్పుడు దాదాపు 22 మెగాబైట్లు. రాత్రి వైఫై ఉన్నచోట దింపుకుని పొద్దున చూసుకోవచ్చు. కోవిడ్ కాలంలో తెలంగాణ 2020 సెప్టెంబరు 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా బడి పాఠాలు ప్రసారం చేసింది. అక్కడ ఇంటర్నెట్ లేకున్నా టీవీ ఉంటే పని జరిగింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకూ ఉపాధ్యాయులకూ పంచిన ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లలో పాఠాలు ముందే ఎక్కించి ఉన్నాయి. వర్చువల్ లోకాన్ని అలా ముందే ఎక్కించి ఇవ్వడం కుదరదు. అందరూ ఒకే వేళ లైన్లో ఉండాలి, లైను తెగకూడదు, సెకండ్ లైఫ్ వంటివాటికి మంచి గ్రాఫిక్స్ ఉన్న కంప్యూటరూ కావాలి.

మేడమ్: ఓపెన్‌సిమ్‌ను కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో లోకల్ నెట్‌వర్క్ మీద ఇంటర్నెట్ లేకుండానే నడపొచ్చు మాస్టారూ.

మాస్టారు: అందరూ ఒకే గదిలో కూర్చుంటే అది ఆన్‌లైన్ బోధనెలా అవుతుంది మేడమ్? ముఖాముఖి మాట్లాడుకోమంటే పోలేదా?

ఈ మాటకు మేడమ్ నవ్వేశారు గానీ, పిల్లలు తమ మాటను తామే వినే అవకాశం ముఖాముఖిలో ఉండదన్నారు. దాంతో రెండు సాధనాలూ కలిసే చోటు బయటపడింది. వర్చువల్ లోకంలో జరిగేదాన్ని రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో చిత్రించే పద్ధతిని మషీనిమా అంటారు. భాషా బోధనలో దీని ఉపయోగాన్ని పరిశీలించడానికే ఐరోపా సమాఖ్య నిధులతో 2013 నుంచి 2015 దాకా క్యామెలాట్ అనే ప్రాజెక్టు నడిచింది. ఇందులో కెమెరా తిరిగేది టీచరు పాఠం మీదికి కాదు, విద్యార్థి చేసిన పనిమీదికి.

చేసే తీరు ఇది. టీచరు కంప్యూటర్‌లో ఒకపక్క లోకం, మరోపక్క ఓబీఎస్ నడుస్తుంటాయి. సెకండ్ లైఫ్‌లో అవతార్ ఒకచోట నిలబడి ఉండగానే కెమెరాను విడదీసి చుట్టూ తిప్పవచ్చు కాబట్టి, మాట్లాడుకునేవాళ్ల మధ్యకు టీచరు బొమ్మ వెళ్లాల్సిన అవసరం లేదు. ఓబీఎస్‌లో ధ్వనిని ఆరు ట్రాకుల దాకా విడివిడిగా భద్రపరచవచ్చు. లోకంలోంచి వచ్చే గొంతులకు ఒక ట్రాకు, టీచరు మైకుకు మరో ట్రాకు పెట్టుకుంటే, తర్వాత టీచరు వ్యాఖ్యానాన్ని తీసేసి పిల్లల మాటలే వినిపించడం వీలవుతుంది. రికార్డింగ్‌ను ఎంకేవీ రూపంలో చేయడం మంచిది. మధ్యలో కరెంటు పోతే మామూలు ఎంపీ4 ఫైలు మరి తెరుచుకోకపోవచ్చు. ఎంకేవీలో అప్పటిదాకా అయినది దక్కుతుంది, తర్వాత ఓబీఎస్‌లోనే దాన్ని ఎంపీ4గా మార్చుకోవచ్చు. అరగంట రికార్డింగ్‌లోంచి రెండు మూడు నిమిషాల ముక్క కోసి విద్యార్థికి పంపితే చాలు. కౌంటర్ దగ్గర తాను ఏ మాట దగ్గర తడబడ్డాడో, ఎదుటివాడికి ఏది అర్థంకాలేదో వాడే రాసుకొస్తాడు.

మాస్టారు: ఇది నచ్చింది. ఇందులో సర్వర్ ఆగిపోయినా ఫైలు మిగులుతుంది. కానీ ఆ ఫైల్లో ఉన్నది పిల్లాడి తడబాటు. నా పాఠంలో నా గొంతే ఉంటుంది, ఎవరి అనుమతీ అక్కర్లేదు. దీనికో?

మేడమ్: కావాలి. అవతార్ ముఖం వాడిది కాకపోయినా గొంతు వాడిదే, గుర్తుపట్టేస్తారు. డిగ్రీ మొదటి ఏడాదిలో పద్దెనిమిది నిండనివాళ్లు ఉంటారు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వాళ్ల విషయంలో తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. క్లాసుకు ముందే రాతలో తీసుకోవాలి. వద్దన్నవాణ్ణి రికార్డింగ్ లేని గుంపులో వేయాలి, వాడి మార్కులకు దెబ్బ తగలకూడదు.

మాస్టారు: సెమిస్టర్ అయ్యాక? బాగా మాట్లాడినవాళ్ల ముక్కలు వచ్చే బ్యాచ్‌కు నమూనాగా ఉంచుకోవచ్చుగా?

మేడమ్: మార్కుల కోసం ఇచ్చిన అనుమతి నమూనాకు చెల్లదండీ. ఉంచుకోవాలంటే మళ్లీ అడగాలి, కాదంటే తుడిచెయ్యాలి. మీ టైట్రేషన్ వీడియో సిలబస్ మారేదాకా ఉంచుకోండి. నా రైల్వే కౌంటర్ గొడవలు మాత్రం రిజల్ట్స్ రాగానే పోతాయి.